నాన్నగారి అంబాసిడర్‌కు కొత్త ఇంజిన్, పాత మీటర్లు

రాయగడ బంకులో ట్యాంకు నిండా పెట్రోలు పోయించి తాళం తిప్పితే, కొత్త మీటరు ముల్లు ఖాళీ గీత మీదే పడుకుంది. ఆ వారమంతా కారు నడిపినకొద్దీ నెమ్మదిగా పైకి లేచింది. పెట్రోలు తగ్గుతుంటే మీటరు నిండుతోంది! మూడు మీటర్లు ఒకేసారి కొన్నప్పుడు వాటి డయళ్ల అందం చూశాను గాని, వాటికి వార్త అందించే సెన్సర్ల సంగతి ఆలోచించలేదు.

కారు నాన్నగారిది, 1984 నాటి మార్క్ 4. పార్వతీపురం, విజయనగరం పెళ్ళిళ్ళన్నిటికీ మా కుటుంబం అందులోనే వెళ్ళింది. 1489 సీసీ పాత ఇంజిన్‌కు రెండుసార్లు బోరు కొట్టించాం (అరిగిన సిలిండర్లను కాస్త వెడల్పుగా తొలిపించడం), మూడోసారికి బ్లాకులో చోటు మిగలలేదు. విశాఖలో ఒక 1800 ఐఎస్‌జడ్ రకం అంబాసిడర్ నుంచి విప్పిన 1817 సీసీ ఇసుజు ఇంజిన్, అయిదు గేర్ల పెట్టెతో సహా దొరికింది. 1992 నుంచి హిందుస్థాన్ మోటార్స్ వారే దాన్ని అంబాసిడర్‌లో పెట్టి అమ్మారు కాబట్టి పరాయి ఇంజిన్ అన్న బెంగ లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్పుకు రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి ముందే తీసుకోవాలి. కాగితాల పని ముగిశాకే బానెట్ ఎత్తాం.

మేస్త్రీ గారు మొదటి రోజే ఒక మాట చెప్పారు. “ఇంజిన్ రెండు రోజుల్లో కూర్చోబెడతాను బాబూ. వైర్ల దగ్గర మాత్రం నన్ను తొందర పెట్టకు.”

ఆ మాట విలువ డ్యాష్‌బోర్డు విప్పాక తెలిసింది. ఈ కారు వైరింగ్ లూకాస్ రంగుల పద్ధతిలో ఉంటుంది. గోధుమ రంగు తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, తెల్లదానిలో తాళం తిప్పితేనే. ఆకుపచ్చది తాళం తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది, నీలం హెడ్‌లైట్లది, నలుపు ఎర్త్. అంత చక్కటి పద్ధతిని నలభై ఏళ్ళలో చేయి పెట్టిన ప్రతివారూ చెరిపేశారు. హారన్‌కు ఎర్ర తీగ, వైపర్‌కు ఇంట్లో వాడే వైరు, అతుకుల మీద కరిగిపోయిన టేపు. కారు మొత్తానికి రెండే ఫ్యూజులు, హెడ్‌లైట్లకు అసలు లేదు. పాతదాన్ని బాగుచేయడం మానేసి, అవే రంగులతో కొత్త కట్ట కట్టించాను. తర్వాత ఎవరు విప్పినా రంగు చూసి పోల్చుకోగలగాలి. ఒక్కొక్కటి 60 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిసి 10 ఆంపియర్లు లాగుతాయి. అదంతా చిన్న స్విచ్చు గుండా పోకుండా, చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే రిలేలు వేశాం.

మీటర్లలో మొదట తేల్చుకోవలసి వచ్చింది ఎంత కరెంటు పోతోందో చూపే ఆంప్స్ మీటరు. డైనమో కాలంలో ఛార్జింగ్ కరెంటంతా దాని గుండానే పోయేది. మా పాతది 30 ఆంపియర్ల వరకే. కొత్త ఇంజిన్‌లో డైనమో బదులు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ 55 ఇస్తుంది. అంత కరెంటు దానిలోంచి పంపితే డ్యాష్‌బోర్డు వెనుక నిప్పు పెట్టుకున్నట్టే. దాని స్థానంలో వోల్ట్ మీటరు పెట్టాను. ఇంజిన్ ఆగి ఉంటే 12.6, నడుస్తుంటే 14 దగ్గర ఉంటే చాలు. ఛార్జింగ్ ఎర్ర దీపానికి ఎల్‌ఈడీ వేద్దామంటే మేస్త్రీ గారు ఒప్పుకోలేదు. ఆ బల్బు గుండా వెళ్ళే కొద్దిపాటి కరెంటే ఆల్టర్నేటర్‌ను మేల్కొలుపుతుంది. 3 వాట్ల పాత బల్బే ఉంచాం.

ఆయిల్ సెన్సర్ మరను (బిగించే స్క్రూ చుట్లను) చూసి కూడా మోసపోయాను. అమెరికా 1/8 మరకు అంగుళానికి 27 చుట్లు, జపాన్ ఇంజిన్లలో సాధారణంగా ఉండే 1/8 బ్రిటిష్ మరకు 28. కంటికి రెండూ ఒకటే. రెండు చుట్లు సులువుగా దిగి మూడోదానికి బిగుసుకుంది. అక్కడే ఆగి సరైనది తెప్పించాను. టెఫ్లాన్ టేపు ఎక్కువ చుట్టకూడదు, ఆ సెన్సర్‌కు ఎర్త్ అందేది మర గుండానే.

ఇక పెట్రోలు మీటరు. మల్టీమీటరుతో ట్యాంకులో పెట్రోలు మీద తేలే సెన్సర్ నిరోధాన్ని కొలిస్తే ఖాళీకి సుమారు 240 ఓమ్‌లు, నిండుకు 30. నేను కొన్న మీటరు ఖాళీకి 10, నిండుకు 180 ఆశించే రకం. అందుకే తలకిందులుగా చూపింది. దాన్ని విప్పి, నాన్నగారి పాత మీటరే మళ్ళీ బిగించాను. అది 10 వోల్టుల మీద పనిచేసేది, నేరుగా 12 ఇస్తే కాలిపోవచ్చు. వెనుక ఉన్న పాత స్టెబిలైజర్ చెడిపోయింది కాబట్టి, ఆ డబ్బాలోనే 10 వోల్టులు నిలకడగా ఇచ్చే 7810 చిప్పు అమర్చాం.

మజ్జిగౌరమ్మ గుడి దగ్గర నిమ్మకాయలు తొక్కించి, లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ ఘాట్ రోడ్డు ఎక్కాను. చీకటి పడుతుండగా హెడ్‌లైట్లు వేస్తే, 85 దగ్గర నిలకడగా ఉన్న టెంపరేచర్ ముల్లు 95కు దూకింది. ఆర్పితే దిగింది. నీళ్ళు ఒక్క క్షణంలో పది డిగ్రీలు వేడెక్కవు కదా. మర్నాడు లైట్లు వేసి ఇంజిన్‌కూ బాడీకీ మధ్య కొలిస్తే 0.6 వోల్టులు వచ్చింది. ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. దాన్ని బాడీతో కలిపే అల్లిక పట్టీని తుప్పు మీద, పెయింటు మీద బిగించేశాం. లైట్ల కరెంటు ఆల్టర్నేటర్‌కు తిరిగి చేరడానికి సరైన దారి లేక, ఆ తేడా అంతా మీటరులో వేడిగా కనిపించింది. లోహం మెరిసేదాకా గీకి కొత్త పట్టీ వేశాక 0.05కు దిగింది, ముల్లు కదలడం మానేసింది. ఇంజిన్ మార్చేవారు ఎవరైనా ఈ పట్టీని మొదటి రోజే వేయండి. లేకపోతే మంచి రేడియేటర్‌ను అనుమానించి డబ్బు పోగొట్టుకుంటారు.

ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం మీటరు కూడా పెట్టమని తమ్ముడు అడిగాడు. ఇగ్నిషన్ కాయిల్ నుంచి ఒక్క తీగ లాగితే సరిపోతుంది గాని, ఆ డ్యాష్‌బోర్డుకు కొత్త రంధ్రం చేయడానికి నాకు చేతులు రాలేదు.

స్పీడోమీటరు మాత్రం మొదటినుంచీ మార్చనన్నాను. అందులోని కిలోమీటర్లు నాన్నగారు నడిపినవి. కొత్త గేరు పెట్టెతో అది 60 చూపితే, ఫోనులో జీపీఎస్ 66 చూపుతోంది. డయల్ కింద 1000 అని చిన్న అంకె ఉంది, అంటే కిలోమీటరుకు కేబుల్ అన్ని చుట్లు తిరగాలి. కేబుల్ కొసకు అట్ట బాణం గుచ్చి, ఇంటి ముందు కొలిచిన 20 మీటర్లు కారును తోశాం. బాణం చూస్తూ మా అమ్మాయి లెక్కపెట్టింది. 20 చుట్లు తిరగాల్సింది 18 దాటి కొంచెమే తిరిగింది. ఆ తేడాను సరిచేసే చిన్న గేరు డబ్బాకు కొలతలు ఇచ్చి వచ్చాను. అది వచ్చేదాకా 55 గీత దాటకుండా నడుపుతున్నాను.