దువ్వాడలో దిగి జ్ఞానాపురం దాకా

రత్నాచల్ రైలు ఎక్కినవాళ్లు విశాఖ స్టేషన్ దాకా వెళ్లిపోవడమే తేలిక. నాన్న మాత్రం దువ్వాడలోనే దిగుదామని పట్టుబట్టారు. "ఔటర్ సిగ్నల్ దగ్గర రైలు నిలబెట్టేస్తాడమ్మా, రోడ్డు మీద పోతే చూసుకుంటూ పోవచ్చు" అన్నారు. ఆయన చూడాలనుకున్నది సముద్రాన్ని కాదని నాకు తెలుసు. 27 ఏళ్లు లారీ నడిపిన మనిషి. మోకాళ్ల నొప్పులతో స్టీరింగ్ వదిలేశాక ఒక్కసారి కూడా ఈ రోడ్డెక్కలేదు. చెల్లి కూతురి బారసాల వంకతో ఇన్నాళ్లకి వచ్చారు.

ఆటో అతను చెల్లి వాళ్లుండే జ్ఞానాపురానికి ఏడొందలు అన్నాడు. బేరమాడితే ఐదొందల యాభైకి దిగాడు. తాడేపల్లిగూడెం నుంచి ఇక్కడికి మా ఇద్దరి రైలు టికెట్లు కూడా అంత కాలేదు. ఆ కోపంతోనే ఎక్కి కూర్చున్నాను.

కూర్మన్నపాలెం దాటేదాకా బాగానే నడిచింది. పాత గాజువాక దగ్గర మొదలైంది. ముందు ఉక్కు చుట్టలు వేసుకున్న ట్రెయిలర్, కుడి పక్కన గ్యాస్ ట్యాంకర్, వెనక టిప్పర్ హారన్. వీటి మధ్య సందుల్లోంచి స్కూటర్లు దూరిపోతున్నాయి. ఒక స్కూటరు మీద యూనిఫాంలో ఇద్దరు పిల్లలు, వాళ్ల బ్యాగు ట్రెయిలర్ టైరుకి జానెడు దూరంలో ఊగుతోంది. నా గుండె గొంతులోకి వచ్చింది. నాన్న మాత్రం బళ్లు లెక్కపెడుతున్నారు. "ఇది పద్దెనిమిది టైర్లు. అది పన్నెండు. వీడు ఖాళీ, చూడు, ఒక ఇరుసు పైకెత్తి పెట్టాడు." నిజమే, ఆ బండి టైర్లు ఒక జత నేలకి తగలకుండా గాల్లో ఉన్నాయి. ఖాళీగా వెళ్లేటప్పుడు టైర్లు అరగకుండా అలా ఎత్తుతారట. ఆయన కూతురినై ఉండీ ఆ సంగతి నాకు ఇన్నేళ్లూ తెలీదు.

"బైపాస్ వేశారు కదా, ఇంకా ఇవన్నీ ఊళ్లోకి ఎందుకొస్తున్నాయి?" అని అడిగాను. ఆటో అతను నవ్వాడు. "ఏటమ్మా, పోర్టు ఊళ్లోనే ఉన్నాది కదా!"

మాట చిన్నదే గానీ విషయమంతా అందులోనే ఉంది. అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం దాకా వేసిన 50 కిలోమీటర్ల ఆరు వరసల రోడ్డు చెన్నై నుంచి కలకత్తా పోయే బండికి పనికొస్తుంది. అది విశాఖ మొహం చూడకుండా వెళ్లిపోతుంది. పోర్టులో లోడు దించాల్సిన బండికి ఊళ్లోకి రాక తప్పదు. 1933లో పోర్టు మొదలైనప్పుడు ఇంత ఊరు లేదు. ఊరు పెరుగుతూ వచ్చి రేవు చుట్టూ చేరింది. నాన్న రోజుల్లో బళ్లన్నీ ఎన్ఏడీ కూడలి, కంచరపాలెం మీదుగా ఇళ్ల మధ్యనుంచే వెళ్లేవి. ఆ తర్వాత షీలానగర్ నుంచి కాన్వెంట్ జంక్షన్ వైపు పోర్టు కోసమే వేరే రోడ్డు వేశారు. ఆ రోడ్డు పడినప్పుడు డ్రైవర్లంతా పండగ చేసుకున్నారని నాన్న చెప్పారు. హైవేని ఆయన ఇప్పటికీ "ఐదో నంబరు" అనే అంటారు. అది 16 అయ్యి ఎన్నేళ్లో అయింది.

షీలానగర్ దగ్గర ఆటో పూర్తిగా ఆగిపోయింది. రోడ్డుకి ఎడమ పక్కన లారీలు వరసగా నిలబడి ఉన్నాయి, ఒకదాని తోక ఇంకోదాని ముక్కుకి తగిలేంత దగ్గరగా. బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఆ వరస దాటి రోడ్డు మీదకే వచ్చేశారు. బస్సేమో రోడ్డు మధ్యలో ఆగింది. ఈ లారీలని ఇక్కడెవరు పెట్టుకోనిచ్చారని పైకే అనేశాను. నాన్న బదులు చెప్పలేదు. ఆటో పక్కకి తీయమని దిగిపోయారు. వెయిటింగుకి ఇంకో యాభై ఇవ్వాలన్నాడు ఆటో అతను. సరే అని నేనూ దిగాను.

వరసలో నాలుగో బండి గ్రానైట్‌ది. గొలుసులతో బిగించి, చెక్క మొద్దులు అడ్డం పెట్టిన రెండు పెద్ద రాళ్లు. డ్రైవరుకి ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. బండి నీడలో కూర్చుని ఉల్లిపాయ తరుగుతున్నాడు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి నుంచి వచ్చాడట. నాన్న తన సంగతి చెప్పగానే లేచి నిలబడి "గురువుగారూ, రండి" అన్నాడు. అక్కడి నుంచి ఇద్దరూ నన్ను మర్చిపోయారు.

టెక్కలి నుంచి వచ్చేవాడికి పోర్టు ఆనందపురం వైపు నుంచి దగ్గర. కానీ పగలు పెద్ద బండిని మధురవాడ, మద్దిలపాలెం మీదుగా పోనివ్వలేదట. బైపాస్ ఎక్కించి పంపారు. అతను ఊరి చుట్టూ అనకాపల్లి దాకా పోయి, మళ్లీ గాజువాక మీదుగా వెనక్కి వచ్చాడు. సబ్బవరం నుంచి షీలానగర్‌కి నేరుగా రోడ్డు పడితే ఈ తిప్పట సగం తగ్గుతుందన్నాడు. "తిప్పితే తిప్పినారు, డీజిల్ ఓనరుది. వచ్చినాక ఎక్కడ ఉండాలో చెప్పాల కదా గురువుగారూ. లోపల మన వంతు రాత్రికి. అందాకా ఇక్కడే. పోలీసోళ్లొస్తే ముందుకి తీయాల, ముందుకెళ్తే అక్కడోళ్లు వెనక్కి పొమ్మంటారు."

నీళ్లెక్కడ అని అడిగాను. ఎదురుగా ఉన్న టీ కొట్టు చూపించాడు. బకెట్ నీళ్లు ఇరవై రూపాయలట. మిగతా అవసరాలకేం చేస్తారని అడగబోయి, అతను తల దించుకోవడం చూసి మానేశాను.

నాన్న చుట్టూ చూసి "క్లీనరేడీ?" అన్నారు. లేడన్నాడు. ఇప్పుడు చాలా బళ్లలో లేరట, ఓనరుకి గిట్టదట. నాన్న మొహం మారిపోయింది. "మరి ఎడమ పక్క ఎవడు చూస్తాడు?" అన్నారు. తర్వాత నన్ను పిలిచి బండెక్కమన్నారు.

చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని మూడు మెట్లు ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. నాన్న బండి ముందు నుంచి ఎడమ వైపుకి నడిచారు. అద్దంలో మొదట ఆయన తెల్ల చొక్కా కనబడింది, తర్వాత భుజం, ఆ తర్వాత ఏమీ లేదు. "నాన్నా, ఎక్కడున్నావు?" అని అరిచాను. "ఇక్కడే, చక్రం పక్కన" అని కింద నుంచి గొంతు వినబడింది. మెడ చాపాను, లేచి వంగాను, అయినా కనబడలేదు. నా ఎదురుగా అంత పెద్ద గాజు అద్దం, అంత ఎండ, ఆయన నాకు నాలుగడుగుల్లో ఉన్నారు. గాజువాకలో చూసిన స్కూటరు పిల్లలు గుర్తొచ్చి చేతులు చల్లబడ్డాయి. వాళ్లు ట్రెయిలర్ డ్రైవరుకి ఎదురుగా ఉన్నారనుకున్నాను. అతని లెక్కలో వాళ్లు అక్కడ లేనే లేరు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాకు ఓణీలిచ్చారు. నాన్న లేరు. పొటాష్ లోడు కోసం విశాఖ వెళ్లి రెండు రోజులు ఆగిపోయారు. ఫోటోల్లో అమ్మ పక్కన మావయ్య నిలబడి ఉంటాడు. పెళ్లయ్యేదాకా ఆ ఫోటో చూసినప్పుడల్లా మనసులో ఒక మాట అనుకునేదాన్ని, కావాలనుకుంటే వచ్చేవాడే అని. బండి దిగాక అడిగాను, అప్పుడు ఎక్కడ ఆగావని. "ఇలాంటి చోటే. ఇటు బళ్లు, అటు బళ్లు. బండి వదిలేసి బస్సెక్కితే లోడు పోతుంది, ఉద్యోగం పోతుంది" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. టెక్కలి అతను మాకు చెరో గ్లాసు మజ్జిగ పోసిచ్చాడు, కొనుక్కున్న నీళ్లతోనే.

జ్ఞానాపురం చేరేసరికి మూడయింది. కాన్వెంట్ జంక్షన్ దగ్గర మలుపులో డివైడర్ చివరి రాళ్లు చూశాను. వేసిన పసుపు, నలుపు రంగులు పోయి టైరు రబ్బరు నల్లగా అంటుకుని ఉంది, రెండు రాళ్లు విరిగిపోయాయి. 40 అడుగుల కంటైనర్ బండి తిరిగేటప్పుడు ముందు చక్రాలు పోయిన దారిన వెనక చక్రాలు పోవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ రాయి ఉన్నచోట మనిషి నిలబడితే ఏమవుతుందో నాన్న చెప్పక్కర్లేకపోయింది.

చెల్లి ఇంట్లో కథ ఇంకోలా ఉంది. కిటికీ గట్టు మీద వేలు పెడితే నల్లగా అంటింది. పొద్దున తుడిచానక్కా అంది చెల్లి. పిల్ల పక్క బట్టలు బయట ఆరేయడం మానేసి నెల అయిందట. మా మరిది కాలనీ వాళ్లతో కలిసి రాసిన అర్జీ తెచ్చి చూపించాడు. తమ వీధిని పెద్ద బళ్ల దారి నుంచి తప్పించాలని. 1988 మోటారు వాహనాల చట్టంలో 115వ సెక్షన్ ఉందట. ప్రజల భద్రత కోసమో, సౌకర్యం కోసమో, రోడ్డు లేదా వంతెన తట్టుకోలేదనో ఒక దారిలో కొన్ని రకాల బళ్లని ఆపే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. నెల దాటి ఆపాలంటే గెజిట్‌లో వేయాలి. అర్జీ చక్కగా రాశాడు. నాకు అందులో ఒక్క మాట కూడా తప్పనిపించలేదు.

వాళ్ల మేనల్లుడు సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. అతను ఇంకో సంగతి చెప్పాడు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి జరిగే నష్టం రెట్టింపు కాదట, దాదాపు 16 రెట్లట. అమెరికాలో 1950ల చివర రోడ్డు వేసి, దాని మీద రాత్రింబవళ్లు లారీలు తిప్పి కనుక్కున్నారు. మన దగ్గర 2018లో నాలుగు టైర్ల ఇరుసుకి పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకి పెంచారు. పల్చగా వేసిన వీధి రోడ్డు మీదకి ఈ బళ్లు వస్తే వానాకాలం దాటేసరికి గుంటలే. అందుకే పెద్ద బళ్లకి గట్టి రోడ్డు ఒకటి కేటాయించి దాన్నే వాడించడం మేలన్నాడు. న్యూయార్క్‌లో ఊరు దాటిపోయే లారీలకి ఒక రకం దారులు, ఊళ్లో దించే లారీలకి ఇంకో రకం దారులు గుర్తించి పెట్టారట. సరుకు దించే చోటుకి దగ్గరి కూడలి వచ్చేదాకా బండి ఆ దారి వదలకూడదు.

నాన్న అంతా విని అన్నం కలుపుతూ అన్నారు. "దారి గీయండి బాబూ, మంచిదే. గీతకి రెండు చివరలుంటాయి. ఆ చివర బండి ఎక్కడ నిలబడాలో కూడా గీయండి. నీళ్లు, మరుగుదొడ్డి, నాలుగు చెట్లు. లేకపోతే మీ గుమ్మం ముందు తీసేసిన బండి ఇంకొకడి గుమ్మం ముందు నిలబడుతుంది." మరిది నొచ్చుకున్నాడు. "మామయ్యా, మేం తప్పించమన్నది పసిపిల్ల కోసం" అన్నాడు. "నేను మాత్రం పిల్లల్లేనివాడినా" అన్నారు నాన్న. గొంతు పెద్దది కాలేదు గానీ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చెల్లి పెరుగు తెచ్చింది.

నేనింకా ఇద్దరి వైపూ ఉన్నాను. కాకపోతే ఇంతకు ముందు ఒక వైపే ఉండేదాన్ని. మా తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్‌కి కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీలొస్తాయి. రోడ్డు మూసేస్తున్నాయని తిట్టుకుంటూ నడిచేదాన్ని. ఆ డ్రైవర్లు ఎక్కడ స్నానం చేస్తారో ఎన్నడూ ఆలోచించలేదు, అదీ లారీ డ్రైవరు కూతురినై ఉండి. పగలు నో ఎంట్రీ అని బోర్డు పెట్టేవాళ్లు ఆ పక్కనే లారీలకి చోటెక్కడో ఇంకో బోర్డు పెట్టాలి. అధిక లోడుకి 20,000 రూపాయలు, పైన టన్నుకి 2,000 చొప్పున జరిమానా రాసుకున్న చట్టమే ఉంది మనకి. ఆ బళ్లు ఆగడానికి ఊరికి అటూ ఇటూ పది ఎకరాలు చూడటం దానికంటే కష్టమా?

మర్నాడు బారసాల బాగా జరిగింది. బీచికి వెళ్లాం, కైలాసగిరి ఎక్కాం, అందరూ ఎక్కేదే.

రాత్రి పదకొండు దాటాక డాబా మీద పడుకున్నాం. కాసేపటికి బళ్లు మొదలయ్యాయి. చెల్లి వాళ్లింటి ముందు స్పీడు బ్రేకరుంది. స్కూలు పిల్లలు దాటుతారని కాలనీ వాళ్లే అడిగి వేయించుకున్నారు. ఖాళీ ట్రెయిలర్ దాని మీద ఎగిరిపడినప్పుడల్లా గొలుసులన్నీ దడదడలాడతాయి, కింద గదిలో పసిపిల్ల ఉలిక్కిపడి ఏడుస్తుంది. చెల్లి జోకొట్టడం వినిపిస్తుంది. పిల్ల నిద్రలోకి జారుకునేలోపు ఇంకోటి.

నాన్న కళ్లు మూసుకునే ఉన్నారు. "ఇది ఖాళీ" అంటున్నారు. "ఇది కంటైనర్." ఒక బండి దూరం నుంచే గేరు తగ్గించుకుని, బ్రేకరు మీదకి చాలా నెమ్మదిగా ఎక్కి, చప్పుడు లేకుండా దిగింది. నాన్న లేచి పిట్టగోడ దగ్గరికి వెళ్లి కిందకి చూశారు. రెండు రాళ్లు, గొలుసులు. పోర్టు వైపు పోతోంది.

"ఎడమ పక్క చూసుకో నాయనా" అన్నారు, అతనికి వినబడదని తెలిసీ.