తుమ్మల అంచున తెల్ల పంచె: ఈ వానాకాలపు పురుగుల పద్దు

జూన్ 2, రోహిణి కార్తె. రాత్రి వెలుగుకు వచ్చే పురుగులను లెక్కపెడదామని, కళ్యాణదుర్గం దగ్గర మా మామగారి వేరుసెనగ చేను గట్టున రెండు కర్రల మధ్య పాత నూలు పంచె కట్టి, దాని ముందు అతినీలలోహిత ఎల్‌ఈడీ దీపాన్ని పవర్ బ్యాంకుతో వెలిగించాను. రెండు గంటల్లో వాలినవి తొమ్మిదే. దీపమే నాసిరకమని అనుకున్నాను.

జూన్ 14, మృగశిర. రెండు రోజుల క్రితం పదును వాన పడింది. దీపం అదే, పంచె అదే, చోటూ అదే. అయినా ఎనిమిది గంటలకల్లా ముందు రెక్కలపై తెల్లని చారలు, అంచున పసుపు గీత ఉన్న రెక్కల పురుగులే నలభై ఒకటి లెక్కకు వచ్చాయి. ఇవి వేరుసెనగను తినే ఎర్ర గొంగళి పురుగుకు తల్లులు. కోశస్థ దశలో (గొంగళి రెక్కల పురుగుగా మారే ప్యూపా దశలో) నెలల తరబడి నేలలోనే ఉండి, తొలకరికి తడి తగిలాక ఒక్కసారిగా బయటికి వస్తాయి కాబట్టి, తప్పు దీపానిది కాదని తేలింది.

మామగారికి మాత్రం సంతోషం కలగలేదు. “పిలిచినావు సరే అల్లుడా, గుడ్లు నా చేన్లోనే పెడతాయి గదా!” అంటూ దీపం కింద కిరసనాయిలు కలిపిన నీళ్ల బేసిన్ పెట్టించారు. ఆయన మాట న్యాయమే కనుక, మర్నాటి నుంచి నా సరంజామాను చేలకు దూరంగా, తుమ్మలున్న గుట్ట పక్కకు మార్చాను.

జూన్ 27, ఆరుద్ర. పెంకు పురుగులు చాలావరకు గుడ్డకు తగిలి కిందపడి నడిచిపోతున్నాయని గమనించి, పంచె అడుగు భాగాన్ని మీటరు మేర నేలపై పరిచాను. పేడ పురుగుల లెక్క అప్పుడే కుదిరింది. నల్లని ఒంటిపై ఆరు తెల్ల చుక్కలున్న పెద్ద నేల పెంకు పురుగు కూడా వచ్చింది. అది ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది కాబట్టి, ముఖం దగ్గరగా పెట్టకుండా దూరం నుంచే ఫొటో తీశాను. పగలు కనిపించిన ఎర్రని ఆరుద్ర పురుగును పద్దులో చేర్చలేదు. ఎనిమిది కాళ్లున్న ఆ జీవి నల్లి (మైట్) జాతిది, కీటకం కాదు.

జూలై 5. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచిన జీరంగి ఇంతవరకు ఒక్క రాత్రీ పంచెపై వాలలేదు. అది పగటి పురుగు. ఈ ఉదయం తొమ్మిది గంటలకు తుమ్మకొమ్మలు వెతికితే మూడు దొరికాయి. ఇకపై జీరంగులకు వేరే పేజీ పెట్టి, ఉదయం అరగంట చెట్ల లెక్క విడిగా రాస్తాను.