దస్తూరిని బట్టి రాసిందెవరో పట్టుకోవడం: నా అనుభవం

చేతిరాత చూసి రాసిందెవరో చెప్పే ప్రోగ్రామ్ అంటే, ముందు దానికి అక్షరాలు చదవడం నేర్పాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. నేను వాడిన పద్ధతికి పేజీలో ఏముందో తెలియదు. గీత ఎలా వంగిందన్నదే దానికి ముఖ్యం.

పేజీలను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), గ్రేస్కేల్‌లో స్కాన్ చేసి పీఎన్‌జీగా దాచాను. జేపెగ్ వద్దు. కంప్రెషన్ వల్ల గీతల అంచుల చుట్టూ మచ్చలు పడతాయి, మనం కొలిచేది ఆ అంచులనే. తర్వాత ఓట్సు పద్ధతితో (ఎంత ముదురైతే నలుపు అన్నది పేజీని బట్టి తనే ఎంచుకునే లెక్క) నలుపు, తెలుపుగా విడగొట్టాను. పని ఎక్కువగా చెడేది ఇక్కడే. బాల్‌పెన్‌ను తేలిగ్గా ఆనించి రాసినచోట గీత తెగిపోతుంది. తెగిన ప్రతి కొనా లేని మలుపును పుట్టిస్తుంది. సిరా పీల్చే కాగితమైతే గీత ఉబ్బి చిన్న సున్నాల కడుపు పూడిపోతుంది, లోపలి అంచు మాయమవుతుంది. అందుకే ప్రతి పేజీలో నాలుగు పదాలనైనా బాగా పెద్దవి చేసి కంటితో చూశాకే ముందుకు వెళ్లాను. రూళ్ల కాగితమైతే ఆ రూళ్లు తీసేయాల్సిందే.

కొలతకు చేతిరాత పరిశోధకులు బులాకు, స్కోమాకర్‌లు వాడిన ‘హింజ్’ లక్షణం తీసుకున్నాను. అంచు మీద ప్రతి పిక్సెల్ దగ్గరా ఆగి, అంచు వెంబడే అటు పది, ఇటు పది పిక్సెళ్లు వెళ్లాలి. తెరిచిన మడతబందులా రెండు రెక్కలు ఏర్పడతాయి. వాటి దిశలను రాసుకోవాలి. చుట్టూ ఉన్న దిశలను 24 భాగాలు చేస్తే, ఏది ముందన్నది వదిలేస్తే, 300 జంటలు. ఏ జంట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి మొత్తంతో భాగిస్తే ఆ చేతి హిస్టోగ్రామ్, అంటే ఏ జంట ఎంత తరచుగా వస్తుందో చెప్పే పట్టిక, వస్తుంది. రెండు హిస్టోగ్రామ్‌ల మధ్య కై-స్క్వేర్ దూరం (రెండూ ఎంత తేడాగా ఉన్నాయో చెప్పే అంకె) చూసి, అన్నిటికన్నా దగ్గరున్న పేరు తీసుకోవాలి.

పది పిక్సెళ్లంటే 300 డీపీఐలో 0.85 మిల్లీమీటర్లు. 200 డీపీఐలో చేసిన స్కాన్ ఒకటి కలిసిందా, అదే పది 1.27 అవుతుంది. అదే మనిషి రాత వేరేవాళ్లదిలా కనబడుతుంది.

మొదటి పరీక్షకు ఐఏఎం అనే ఇంగ్లిష్ చేతిరాతల సేకరణ వాడాను: 657 మంది, 1,539 పేజీలు. చాలామందివి ఒక్కో పేజీయే కాబట్టి పేజీని రెండుగా కోసి, ఒక సగంతో రెండో సగాన్ని వెతికించాను. దాదాపు అన్నీ సరిగ్గా వచ్చాయి. అది నమ్మదగ్గ ఫలితం కాదు. రెండు సగాలదీ ఒకే పెన్ను, ఒకే కాగితం, ఒకే స్కాన్. పట్టుబడింది చేయో, పెన్ను మందమో చెప్పలేం. ఫైర్‌మేకర్ అనే మరో చేతిరాతల సేకరణలో 250 మందికీ ఒకే రకం పెన్ను, కాగితం ఇచ్చి నాలుగేసి పేజీలు రాయించారు. అక్కడ పెన్ను సాయం ఉండదు. వేర్వేరు పేజీల మధ్య పోల్చినప్పుడే అసలు బలం తెలిసింది.

ఇంకో చిక్కుంది. రాసినవారు సేకరణలో లేకపోయినా ఎవరో ఒకరు ‘అందరికన్నా దగ్గర’ అవుతారు. ఒకే చేతి పేజీల జంటల దూరాలు, వేర్వేరు చేతుల జంటల దూరాలు విడిగా గీసి, రెండు వక్రాలు కలిసే చోట హద్దు పెట్టుకున్నాను. హద్దు దాటితే పేరు చెప్పదు. రెండు మూడు పదాలే ఉన్న చీటీలకూ అంతే, హిస్టోగ్రామ్‌లోని 300 గళ్లు నింపడానికి ఆ అంచు చాలదు. మిగతావాటికి ఒక్క పేరు కాకుండా మొదటి పది పేర్లూ దూరాలతో సహా ఇచ్చి, తుది పోలిక దస్తూరి నిపుణుల కంటికే వదిలాను.