యోబు, అయ్యూబ్, నా జీబీఎస్

గులియన్ బారే సిండ్రోమ్, అందరూ జీబీఎస్ అంటున్నారు కదా, అదే నాకు వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నాను, బడికి వెళ్తున్నాను, ఇంకా కాస్త మిగిలే ఉంది గానీ దేవుడి దయవల్ల గండం గడిచింది. ఎలా మొదలైంది, ఏం మందులిచ్చారు అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి అదీ చెబుతాను. కానీ ఇది రాయడానికి అసలు కారణం ఆసుపత్రిలో నా పక్క మంచం మీద ఉన్న ముస్లిం పెద్దాయన. కదల్లేని స్థితిలో ఇద్దరం పక్కపక్కన పడుకుని దేవుడి గురించి అంతంత సేపు మాట్లాడుకున్నాం, ఆ మాటలు ఇంకా నన్ను వదల్లేదు. మాది నంద్యాల, తాతల కాలం నుంచీ సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. అందుకని ఇది క్రైస్తవుడిగా నేను చూసిన చూపు, అలాగే చదవండి.

ముందు విరేచనాలు పట్టుకున్నాయి. బయట తిన్నదేదో పడలేదనుకున్నాం, రెండు మూడు రోజుల్లో తగ్గిపోయింది కూడా. ఆ తర్వాత కొన్నాళ్లకు అరికాళ్లలో తిమ్మిర్లు. బడిలో బోర్డు మీద రాస్తుంటే కుడికాలి చెప్పు జారిపోయింది, నాకు తెలియనే లేదు, ముందు బెంచీ పిల్లలు "సార్, చెప్పు" అంటే కిందకి చూసుకున్నా. మొదట చూపించుకున్నచోట బి12 తక్కువుంది అని ఇంజక్షన్లు రాశారు. మర్నాటికి మెట్లు ఎక్కలేకపోయాను, ఆ మర్నాడు మంచం మీంచి లేవలేకపోయాను. మా బామ్మర్ది, పక్కింటి వాళ్లు కలిసి మోసుకెళ్లి కారెక్కించి కర్నూలు తీసుకెళ్లారు.

అక్కడ న్యూరాలజీ డాక్టరు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టి చూశారు. కాలు ఎగరలేదు. రెండో కాలూ అంతే. నడుములోంచి నీళ్లు తీసి పరీక్షిస్తే ప్రొటీన్ ఎక్కువగా ఉంది, కణాలేమో మామూలుగానే ఉన్నాయి. నరాల టెస్టు కూడా చేసి జీబీఎస్ అని తేల్చారు. 2025 మొదట్లో పూణేలో ఈ కేసులు ఎక్కువగా వచ్చినప్పుడు టీవీలో పేరు విన్నాను, అంతే. ఇది కొత్త జబ్బేమీ కాదట, 1916లోనే ఫ్రెంచి సైన్యంలో పనిచేసే డాక్టర్లు ఇద్దరు సైనికుల్లో గుర్తించి రాశారట. కడుపులో చేరిన క్రిమి మీదకి ఒళ్లు సైన్యాన్ని లేపుతుంది, ఆ క్రిమి పైపూత మన నరాల మీది పదార్థాన్ని పోలి ఉంటే ఆ సైన్యమే వచ్చి మన నరాల మీద పడుతుంది. కాళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. ఊపిరి కండరాల దాకా పోతే వెంటిలేటర్ పెట్టాల్సిందే, దాదాపు నలుగురిలో ఒకరికి అది తప్పదు.

అందుకే ఐసీయూలో వాళ్లు మాటిమాటికీ వచ్చి, గుక్క తిప్పుకోకుండా ఒకటి నుంచి ఎంతవరకు లెక్కపెట్టగలవో పెట్టు అనేవాళ్లు. పూటపూటకీ ఆ అంకె తగ్గుతుంటే నా భార్య ముఖం చూడలేకపోయేవాణ్ణి. లెక్కలు చెప్పే మాస్టర్ని, ఒకటి రెండ్లకి అంత భయపడతానని ఏనాడూ అనుకోలేదు. ముఖం కండరాలు కూడా పడిపోయాయి, రెప్పలు మూతపడవు, నర్సు ఆయింట్‌మెంట్ వేసి టేపు అంటించేది. ఆ చీకట్లో నిద్ర పట్టదు, ఒళ్లు కదలదు. ప్రార్థన చేద్దామంటే పట్టుమని రెండు మాటలు కూడేవి కావు. చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్న 121వ కీర్తన ఒక్కటే వచ్చేది, "ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు". మిగతా సమయమంతా ఉత్త మూలుగే. మాటల్లో చెప్పలేని మూలుగులతో ఆత్మే మన కోసం విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రిక 8వ అధ్యాయంలో ఉంది కదా, దాన్ని నేను పట్టుకుని వేలాడాను.

ఇచ్చిన మందు పేరు ఐవీఐజీ. ఒంటి బరువును బట్టి లెక్కగట్టి 5 రోజులపాటు సెలైన్ లాగా ఎక్కిస్తారు, ఖర్చు లక్షల్లో. మా సంఘం వాళ్లు, బడిలో తోటి టీచర్లు తలా ఇంత వేశారు. ఆ సీసాలో ఉండేదేమిటో డ్యూటీ డాక్టరమ్మ చెప్పింది. వేలమంది రక్తదాతల ప్లాస్మాను కలిపి, అందులోంచి తీసిన యాంటీబాడీలవి. నేను ఎప్పుడూ చూడని, నా పేరు కూడా తెలియని మనుషుల రక్తంలోంచి వచ్చినది చుక్కచుక్కగా నాలోకి దిగుతోంది. నాకు నేనుగా చేసుకోగలిగింది ఏమీ లేదు, చెయ్యి చాపడం కూడా రాదు, వాళ్లే చాపి పట్టుకున్నారు. ఆ మాట మనసులో పడిపోయింది.

ఊపిరి నిలకడ పడ్డాక వార్డుకి మార్చారు. అక్కడే పెద్దాయన. ఎడమవైపు పక్షవాతం, మాట మాత్రం స్పష్టంగానే ఉంది. దూదేకుల ఆయన, జీవితమంతా దూది ఏకి పరుపులు కుట్టిన మనిషి. నేను వచ్చిన రోజే నా పరుపు వైపు చూసి, "అమ్మా, ఆ దుప్పటి ముడతలు లాగెయ్, సార్‌కి వీపు పుండు పడతాది" అని మా ఆవిడకి చెప్పాడు. ఆ మర్నాటి నుంచి నేను మామా అనడం, ఆయన సార్ అనడం.

ఆయన దిండు పక్కన అరచేతిలో పట్టేంత నున్నటి రాయి ఒకటి ఉండేది. నమాజుకి ముందు నీళ్లతో ముఖం, కాళ్లూ చేతులూ శుభ్రం చేసుకోవడాన్ని వజూ అంటారు, అది చేసుకోలేని రోగి శుభ్రమైన మట్టినో రాయినో తాకి శుద్ధి చేసుకోవచ్చు, దాన్ని తయమ్ముమ్ అంటారు. నమాజు వేళకి ఆయన బాగున్న కుడిచేతిని ఆ రాయి మీద ఆనించి ముఖం తుడుచుకునేవాడు, మళ్లీ ఆనించి, లేవని ఎడమ చేతిని మోచేతిదాకా మెల్లగా తుడిచేవాడు. కుడిచేతి దగ్గరికొచ్చేసరికి ఎడమది సాయం రాదు కదా, కొడుకు ఉంటే కొడుకు తుడిచేవాడు. తర్వాత పడుకునే తలను కొద్దిగా వంచి, ఇంకొంచెం వంచి, నడుము వంచే రుకూ, నేలకి నుదురు ఆనించే సజ్దా అలా పూర్తి చేసేవాడు. నిలబడి చెయ్యి, కుదరకపోతే కూర్చుని, అదీ కుదరకపోతే పక్కకి ఒరిగి చెయ్యమని ప్రవక్త చెప్పినట్టు వాళ్ల హదీసుల్లో, అంటే ప్రవక్త మాటల్ని రాసిపెట్టిన గ్రంథాల్లో, ఉంది. ఐదు పూటల్లో ఒక్కటి తప్పలేదు. నాకు దాని మీద నిజమైన గౌరవం కలిగింది, ఇప్పటికీ ఉంది. అయినా ఐసీయూలో నేనున్న స్థితిలో తల వంచడం కూడా లేదు. నేను చేరలేనప్పుడు నా తరఫున లోపల ఎవరో ప్రార్థిస్తున్నారన్న నమ్మకం లేకపోతే ఆ రాత్రులు నాకు గడిచేవి కావు. మా విశ్వాసంలో ఉన్న ఈ మాట విలువ నాకు అప్పుడే తెలిసింది.

రాత్రి పడుకునే ముందు ఆయన అరబ్బీలో ఏదో చదివేవాడు. ఏంటి మామా అది అంటే ఖురాన్‌లోని ఆయతుల్ కుర్సీ అనే వాక్యం, అల్లాకి కునుకు పట్టదు, నిద్ర పట్టదు అని ఉంటుంది సార్ అన్నాడు. నేను నా కీర్తన చెప్పాను. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

ఒకరోజు తెలిసినాయన ఒకడు నన్ను చూడ్డానికి వచ్చి, ఏదో దాచిన పాపం ఉంటుంది బ్రదర్, ఒప్పుకుంటే ఈ క్షణమే లేచి నడుస్తావు అని గట్టిగా చెప్పి వెళ్లాడు. ఇలాంటివాళ్లు మన సంఘాల చుట్టూ ఎక్కువయ్యారు, రోగికి వీళ్లు చేసే హాని చాలా పెద్దది. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగితే యేసు ఇద్దరూ కాదన్నాడు, యోహాను 9లో. అదంతా విన్న మామ నన్ను ఓదార్చాలని, "అట్లా కాదు సార్, ముల్లు గుచ్చుకున్నా సరే ఆ బాధకి బదులుగా అల్లా కొన్ని పాపాలు రాల్చేస్తాడు, మన ప్రవక్త చెప్పినాడు, మీ పాపాలు రాలిపోతా ఉండాయి అనుకోండి" అన్నాడు. ప్రేమగా చెప్పిన మాట. నేను కాదనలేక కాదనలేక కాదన్నాను. మామా, నా బాధ నా పాపాన్ని కడగదు, కడిగే పని ఇంకొకాయన తన బాధతో చేసేశాడు అని మేము నమ్ముతాం అన్నాను. యెషయా 53లో ఉన్నది చెప్పాను, "నిశ్చయముగా అతడు మన రోగములను భరించెను". బరువు మోసేవాడెవడూ ఇంకొకడి బరువు మోయడు అని ఖురాన్ చాలాచోట్ల చెబుతుంది, ఆయన వెంటనే అదే చెప్పాడు. అసలు తేడా ఇదేనని నాకు అక్కడే అర్థమైంది. ముగ్గురు దేవుళ్లా ఒక దేవుడా అని జనం ఎక్కువగా వాదించుకుంటారు గానీ, మంచం పట్టినవాడికి ముందు వచ్చే ప్రశ్న నా బరువు నేనే మోయాలా అన్నది.

యేసు గురించి ఆయన ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడలేదు. ఈసా నబీ, అంటే యేసు ప్రవక్త, కన్య మర్యమ్ కొడుకని, పుట్టుగుడ్డివాళ్లనీ కుష్ఠురోగుల్నీ అల్లా అనుమతితో బాగుచేశాడని, చనిపోయినవాళ్లను లేపాడని ఖురాన్‌లోనే ఉంది. సిలువ దగ్గరే దారులు విడిపోయేది. ఆయన్ని చంపలేదు, సిలువ వేయలేదు, అల్లా తనవైపు ఎత్తుకున్నాడు అని ఖురాన్ నాలుగో సూరా, అంటే నాలుగో అధ్యాయం, చెబుతుంది. "అంత గొప్ప నబీని అల్లా అంత అవమానానికి వదిలేస్తాడా సార్?" అని మామ అడిగితే ఆ ప్రశ్నలో దేవుడంటే ఎంత భక్తి ఉందో నాకు తెలుస్తూనే ఉంది. కానీ నా పరిస్థితి వేరు. బట్టలు ఇతరులు మార్చాలి, మూత్రానికి ట్యూబు, నోరు తుడవడానికి కూడా ఎవరో రావాలి. ఆ స్థితిలో నాకు బట్టలు లాగేసుకోబడ్డ దేవుడు కావాలి, "నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని అరిచిన దేవుడు కావాలి. పైనుంచి చూసి జాలిపడే దేవుడు ఎంత గొప్పవాడైనా నాకు అప్పుడు చాలడు.

ఇంకోటి చెప్పాలి, ఇది నాకు ఇంతకుముందు తెలియదు. రోగినైయుంటిని, నన్ను చూడవచ్చితిరి అని మత్తయి 25లో ఉంది కదా, దాదాపు అలాంటిదే వాళ్ల హదీసుల్లోనూ ఉంది. తీర్పుదినాన అల్లా, నేను జబ్బుపడితే నువ్వు చూడ్డానికి రాలేదేం అని అడుగుతాడు, నువ్వు లోకాలకే ప్రభువువి, నిన్నెలా చూసేది అంటాడు మనిషి, ఫలానా నా దాసుడు జబ్బుపడ్డాడు, వెళ్లుంటే నన్ను అతని దగ్గర కనుక్కునేవాడివి అంటాడు అల్లా. మామ కొడుకు ఫోన్లో వెతికి ఇది చదివి వినిపించాడు. ఎంత దగ్గరగా ఉందో చూడండి. అయితే అక్కడ దేవుడు రోగి దగ్గర ఉన్నాడు. మత్తయిలో యేసు, నాకు చేశారు అంటాడు, మంచం మీద ఉన్నది తానే అన్నట్టు. నేను చెప్పుకుంటున్న తేడా అంతా ఇందులో ఉంది.

బైబిల్లో అన్నీ పోగొట్టుకుని జబ్బుపడ్డ భక్తుడు యోబు విషయంలోనూ అంతే, ఖురాన్‌లో ఆయన్నే అయ్యూబ్ అంటారు. అయ్యూబ్ అలైహిస్సలామ్ ఎంత ఓర్చుకున్నాడో మామ తరచూ చెప్పేవాడు. నాకు కష్టం వచ్చింది, నువ్వు దయగలవాళ్లలో అందరికంటే దయగలవాడివి అని మాత్రమే ఆయన మొరపెట్టుకున్నాడు, కాలితో నేలను తన్నమంటే చల్లటి నీళ్లు పుట్టాయి, కడుక్కుని తాగి బాగుపడ్డాడు. కాళ్లు కదలని మా ఇద్దరికీ ఆ మాట ఎంత బాగుండేదో. మన యోబు మాత్రం మూడో అధ్యాయంలోనే తాను పుట్టిన రోజును శపిస్తాడు. ఎందుకిలా చేశావని దేవుణ్ణి నిలదీస్తాడు, పేజీలకు పేజీలు. చివర్లో దేవుడు, నీ పాపం వల్లే ఈ కష్టం అని యోబుతో వాదించిన స్నేహితుల్నే తప్పుపట్టి, నా సేవకుడు యోబు నా గురించి మాట్లాడినట్టు మీరు సరిగా మాట్లాడలేదు అంటాడు. నేను యోబులాగే కేకలు పెట్టాను. అలా కేకలు పెట్టడానికి మన గ్రంథంలోనే చోటుంది, అది నాకు పెద్ద ఊరట.

మా సంఘం పాస్టరు అయ్యగారు వచ్చి యాకోబు పత్రికలో ఉన్నట్టు నూనె రాసి ప్రార్థన చేసినప్పుడు మామ కుడిచెయ్యి ఎత్తి ఆమీన్ అన్నాడు. ఫిజియోథెరపీ చాలా నొప్పి, కానీ ముఖ్యమైనది అదే, ఎవరికైనా ఈ జబ్బు వస్తే దాన్ని మాత్రం మానకండి. వేళ్లు ముందు కదిలాయి, తర్వాత మోకాలు, వాకర్ పట్టుకుని బాత్రూం దాకా. పాదం వేలాడకుండా పట్టీ ఇప్పటికీ వేసుకుంటున్నా, రాత్రిళ్లు అరికాళ్ల మంట ఉంది. నరం మళ్లీ పెరగడం చాలా నెమ్మది అని డాక్టరు చెప్పారు.

మామ ఇంటికెళ్లాక కూడా ఫోన్ చేస్తుంటాడు. మొన్న మళ్లీ అదే చర్చ. "అప్పిచ్చినోడు వదిలేస్తే అయిపోయె కదా సార్, మళ్లీ ఇంకొకరు కట్టేది ఏంటికి? అల్లా మాఫ్ చేస్తాడు, అంతే." గట్టి ప్రశ్న. వదిలేసిన రోజు ఆ డబ్బు ఎవరి జేబులోంచి పోయింది మామా, అప్పిచ్చినవాడిదే కదా అన్నాను, క్షమించడమంటేనే నష్టాన్ని తాను మోయడం, సిలువ మీద జరిగింది అదే, ఇంకెవరినో పట్టుకొచ్చి కట్టించలేదు, ఆయనే కట్టాడు. మామ కాసేపాగి, "అల్లా జేబు ఎంత తీసినా తరగదు సార్" అన్నాడు. నేను ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయం చెప్పాను, దేవుని స్వరూపం కలిగినవాడు తన్ను తానే రిక్తునిగా చేసికొనెను, దాసుడయ్యాడు, సిలువ మరణం పొందాడు. తరగనివాడే కావాలని తరిగాడు మామా, మేము నమ్మేది అదే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, ఆ అధ్యాయం మాత్రం కొడుకు చేత చదివించుకుంటానన్నాడు. నన్ను మూడో సూరా మొత్తం చదవమన్నాడు, తెలుగు అనువాదం తెప్పించుకుని చదువుతున్నాను.