బీడీ ముట్టని మాస్టారి ఖాతాలో బీడీ కట్టలు

మాది పర్లాకిమిడి, నాన్నది కిరాణా కొట్టు. పక్కనున్న పాతపట్నం నుంచి కూడా ఖాతాదార్లు వస్తారు. ఆ అరువు లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని పోయిన వేసవిలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పట్టుకున్నాను. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు, అంటే విలువలకి మనం పెట్టుకునే పేర్లు, తెలుగులోనే పెట్టుకోవచ్చని తెలిశాక ఉత్సాహం ఇంకా పెరిగింది.

ప్రోగ్రామ్ మొదట్లో బాకీ = 0 అని పెట్టి, అరువు అనే ఫంక్షన్ (పేరు పెట్టి పిలిస్తే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క) లోపల, పాత బాకీకి 340 కలపమని బాకీ += 340 అని రాశాను. రన్ చేయగానే అన్‌బౌండ్‌లోకల్‌ఎర్రర్! ఫంక్షన్ లోపల ఒక పేరుకి విలువ ఇస్తే చాలు, పైథాన్ ఆ పేరుని ఆ ఫంక్షన్ సొంతం అనుకుంటుంది. 340 కలపాలంటే ముందు పాత విలువ ఉండాలి, లోపల అదింకా పుట్టనేలేదు. బయటి బాకీనే వాడమని చెప్పే గ్లోబల్ బాకీ అనే ఒక్క లైను లోపల చేరిస్తే ఎర్రర్ పోయింది. కానీ ఫంక్షన్లు ఆరేడు అయ్యేసరికి బాకీని ఎవరు మార్చారో పట్టుకోవడం నా వల్ల కాలేదు. గ్లోబల్ తీసేసి, బాకీ = అరువు(బాకీ, 340) అని రాసి, ఫంక్షన్ చివర కొత్త మొత్తాన్ని రిటర్న్ చేయించాను. ఏది లోపలికి వెళ్తోందో, ఏది బయటికి వస్తోందో ఆ ఒక్క లైన్లోనే కనిపిస్తుంది.

అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. నాన్న కళ్లజోడు సర్దుకుని స్క్రీన్ చూస్తూ, "మాస్టారు బీడీ కట్టలు ఎందుకు తీసుకున్నార్రా? ఆయన బీడీ ముట్టరు కదా" అన్నారు. అవి అంతకుముందు ఖాతా తెరిచిన ఆటో ఆయనవి.

రెండు రాత్రులు వెతికాను. చివరికి ఇద్దరి పద్దుల లిస్టులనీ, దేని గుర్తింపు నంబరు దానికి చెప్పే ఐడీ ఫంక్షన్‌కి ఇచ్చి ప్రింట్ చేస్తే రెండు చోట్లా ఒకటే నంబరు! పేర్లు రెండు, లిస్టు ఒక్కటే. కొత్త ఖాతా తెరిచే ఫంక్షన్‌లో పద్దులు=[] అని, అంటే ఏమీ ఇవ్వకపోతే ఖాళీ లిస్టు వాడమని, డిఫాల్ట్ ఇచ్చాను. పిలిచిన ప్రతిసారీ కొత్త లిస్టు వస్తుందనుకున్నాను. కానీ పైథాన్ ఆ డిఫాల్ట్‌ని ఫంక్షన్‌ని నిర్వచించే డెఫ్ లైను నడిచినప్పుడు ఒక్కసారే తయారుచేసి, తర్వాత అందరికీ అదే ఇస్తుంది. నేను పంచుకోమని ఎక్కడా చెప్పకుండానే ఖాతాలన్నీ ఒకే లిస్టుని పంచుకున్నాయి.

డిఫాల్ట్‌గా నన్ (None, అంటే 'ఏమీ లేదు') అని పెట్టి, నన్ వస్తే ఫంక్షన్ లోపలే కొత్త లిస్టు తయారుచేయించాను. పాత పద్దులన్నీ చెరిపి మళ్లీ ఎక్కించాను. నాన్న పుస్తకం పక్కన పెట్టుకుని మాస్టారి ఖాతా వరసగా చదివారు. బియ్యం, కందిపప్పు, అగరొత్తులు. ఒక్కో పద్దు పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టి, "ఆటో ఆయనది తియ్యి" అన్నారు.