బ్యాటరీ లేని రేడియో

నిన్న రాత్రి మా డాబా మీద కరెంటు, బ్యాటరీ ఏమీ లేకుండా విజయవాడ కేంద్రం విన్నాను. ఒళ్లు పులకరించింది!

1922లో అమెరికా బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ ఇంట్లోనే రేడియో ఎలా చేసుకోవాలో చెబుతూ ఓ చిన్న పుస్తకం వేసింది. పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ అనే రేడియో కేంద్రం మొదలై అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. జనం ఓట్స్ డబ్బాలకి రాగి తీగ చుట్టి కాయిల్ చేసుకునేవాళ్లు. నేనూ అలాగే చుట్టాను.

అసలు కష్టమంతా గెలీనా రాయి దగ్గరే. రేడియో తరంగాల్లోంచి శబ్దాన్ని విడదీసే సీసపు ఖనిజం ఇది. సన్నటి తీగ మొనని దాని మీద వెంట్రుకవాసి జరుపుతూ పోవాలి. చాలాచోట్ల నిశ్శబ్దమే. గంటసేపు టెన్షన్. ఒక్కచోట ఆనగానే ఇయర్‌ఫోన్‌లో మనిషి గొంతు! పరుగున వెళ్లి అమ్మని పిలిచి చెవికి పెట్టాను.

"ఎవరో బావిలోంచి మాట్లాడుతున్నట్టుందిరా" అంది.

ఇంతలో చెయ్యి తగిలి తీగ జరిగింది, గొంతు పోయింది. ఇంకా ఆ చోటు కోసమే వెతుకుతున్నాను.