పెరుగు గిన్నె వెనక అట్టపెట్టె

శనివారం, రాత్రి

ఈరోజు ఇంజెక్షన్ రోజు. లేవగానే ఫ్రిజ్ తెరిచి చూశాను. పెరుగు గిన్నె వెనక అట్టపెట్టె అలాగే ఉంది. అందులోని మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టకూడదు. నిన్న రాత్రి గంటన్నర కరెంటు పోతే టెన్షన్‌తో నిద్రే పట్టలేదు. ఫ్రిజ్ తలుపు తీయొద్దని పిల్లలకి రెండుసార్లు చెప్పాను.

నాకున్నది క్రోన్స్, అంటే పేగుల్లో వాపు, పుళ్లు వచ్చే దీర్ఘకాలిక జబ్బు అని తేలడానికే చాలా కాలం పట్టింది. మొదట పేగు టీబీ అనుకుని ఆరు నెలలు టీబీ మాత్రలు ఇచ్చారు. పేగులోకి కెమెరా పంపి చూసే కొలనోస్కోపీలో రెండింటి పుళ్లూ దాదాపు ఒకేలా కనిపిస్తాయట, కాబట్టి ఎవరినీ తప్పుపట్టను. కానీ ఆ ఆరు నెలలూ ఒళ్లు కరిగిపోయింది. తర్వాత స్టెరాయిడ్లు, ఉబ్బిన ముఖం. చివరికి అడాలిముమాబ్, ఒంటి రోగనిరోధక శక్తిని కాస్త అణిచి పేగు వాపు తగ్గించే ఈ ఇంజెక్షన్. మొదటిరోజు 160 మిల్లీగ్రాములు, రెండు వారాలకి 80, అక్కడి నుంచి రెండు వారాలకోసారి 40. మొదలుపెట్టే ముందు మళ్లీ టీబీ పరీక్షలు చేశారు. ఒంట్లో నిద్రపోతున్న టీబీని ఈ మందు లేపగలదు.

నేను వాడేది బయోసిమిలర్, అంటే మొదట వచ్చిన అసలు మందుకి దాదాపు అలాగే ఉండేలా వేరే కంపెనీ చేసింది. "అంటే కాపీ మందా అక్కా?" అని తమ్ముడు అడిగాడు. కాదురా అన్నాను. ఇది పారాసెటమాల్‌లా రసాయనాలు కలిపి చేసేది కాదు, బతికున్న కణాలు తయారుచేసే ప్రొటీన్. ఒకే తోడు వేసినా రెండిళ్ల పెరుగు అచ్చం ఒకేలా ఉండదు, అయినా రెండూ పెరుగే. ఆ కాస్త తేడా వల్ల మందు పనితనం మారదని పరీక్షల్లో చూపించాకే అనుమతిస్తారు. అసలు మందు అమెరికాలో 2002లో వచ్చింది. దానికి ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్‌ని 2014లో తెచ్చింది మన అహ్మదాబాద్ కంపెనీ జైడస్. ఇలా తక్కువ ధరలో దొరక్కపోతే మా ఇంట్లో ఈ వైద్యం రెండు నెలలు కూడా సాగేది కాదు.

మధ్యాహ్నం పెట్టె తీసి అరగంట బల్ల మీద ఉంచాను. చల్లగా ఉన్నప్పుడు పొడిస్తే మంట ఎక్కువ. బొడ్డుకి రెండంగుళాల దూరంలో స్పిరిట్ దూదితో తుడిచి, అది ఆరేదాకా ఆగి, చర్మం చిటికెతో పట్టుకుని సూది దింపాను. మందు లోపలికి పోతుంటే చురుక్కుమంది. పది లెక్కపెట్టి తీశాను. ఒక్క చుక్క రక్తం వచ్చింది.

అత్తయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "బాగానే తింటున్నావు, తిరుగుతున్నావు. ఇంకా ఎన్నాళ్లమ్మా ఈ సూదులు?" అన్నారు.

"బాగున్నది దీనివల్లే అత్తయ్యా. ఆపేసి మళ్లీ మొదలుపెడితే ఒళ్లు ఆ మందునే శత్రువనుకుని యాంటీబాడీలు పుట్టించొచ్చు. అప్పుడిక ఇది పనిచేయదు."

ఆవిడ ఇంకేమీ అనలేదు. క్యాలెండర్ దగ్గరికి వెళ్లి పెన్ను తీసి, "ఈసారి కుడివైపా, ఎడమవైపా?" అని అడిగారు.

"ఎడమ."

ఈరోజు గడిలో "ఎ" అని రాసి, రెండు వారాల తర్వాతి శనివారం గడిలో "కు" అని రాశారు.